తరుగు

నయీంనగర్‌ల ఫ్లెక్సీల దుకాణం మీద మూడో అంతస్తు.
మెట్ల మీద ఎవరిదో పెండ్లి, ఎవరిదో దశదినకర్మ
రంగు తడారక పరిచి ఉంటయి.
ఆ మొఖాలు తొక్కకుంట పైకి ఎక్కుడే
మొదటి రోజు నాకు పెట్టిన పరీక్ష.

ఇరవై తొమ్మిదేండ్లకు అప్రెంటిస్‌ను.
నెలకు ఎనిమిది వేలు, చాయ్ ఆఫీసుదే.
పని నేర్పే నిఖత్ నాకంటె ఆరేండ్లు చిన్నది.
మేడమ్ అంటె నవ్వుతది,
పేరు పెట్టి పిలుద్దమంటె నాలిక మర్లదు.
ఆఖరికి ఏమీ అనకుంటనే
కుర్చీ జరిపి సప్పుడు చేసుడు నేర్చుకున్న.

అంతకుముందు ఏడేండ్లు
ఎనుమాముల మార్కెట్‌ల అడ్తి గుమస్తాను.
తేజ మిర్చి బస్తాలు కాంటా ఎక్కుతుంటె
దగ్గు మింగుకుంట అంకెలు రాసేటోణ్ని.
ఇప్పటికీ మర్చిపోయి కన్ను నులుముకుంట,
మండదు.
మండకపోవుడు గూడ కొత్తనే.

"రాసుడు తర్వాత," అన్నది నిఖత్,
"ముందు ఇంకొకలు రాసింది చదువు."
నెల రోజులు చదివిన.
ముగ్గురు పనిచేసి పోయిన ఇల్లు అది.
ఒకాయన దేనికీ పేరే పెట్టలే,
ఎక్స్ ఒకటి, ఎక్స్ రెండు, ఎక్స్ పదకొండు,
పిల్లలు ఎక్కువైన ఇంట్ల పేర్లు అయిపోయినట్టు.
ఇంకొకాయన ఎక్కడబడితె అక్కడ
"దీన్ని ముట్టుకోవద్దు" అని రాసిపెట్టి
ఎందుకో చెప్పకుంట వెళ్లిపోయిండు.

నేను తప్పు జేస్తె తెర మీద ఎర్రటి వరుస:
నలభై రెండో లైన్‌ల ఒకటి ఉంటదనుకున్న, దొరకలేదు.
గింత మర్యాదగ నా తప్పు చెప్పినోళ్లు
ఇంతదాక నా బతుకుల లేరు.
సేటయితె ఖాతా బుక్కు ఇసిరికొట్టేది.

రెండో నెల నా పాలిట పడ్డ మొదటి పని,
చూస్తె అడ్తి లెక్కల యాపే.
బిల్లు మీద రైతు పేరు సగానికి తెగుతున్నదట.
గుగులోతు బిచ్చానాయక్
గుగులోతు బిచ్చా అయి బయటికొస్తున్నడు.
పదిహేను అక్షరాలు పట్టే జాగను అరవై జేసిన.
గంతే పని. అరగంట గూడ పట్టలే.

కానీ దాని కిందనే ఇంకో వరుస.
సంచి బరువు తీసెయ్యి.
కిలోకు తక్కువ ఎంతున్నా వదిలెయ్యి.
గీ వరుస నాకు ఎరుకే.
ఏడేండ్లు గీ చేత్తోనే రాసిన.
అక్కడ దాన్ని తరుగు అనేది,
ఇక్కడ ఫ్లోర్ అంటున్నరు.
ఫ్లోర్ అంటె నేల.
అక్కడ గూడ నేల మీదనే పడేది మిర్చి,
పొద్దుగూకినంక చీపురుతోని ఊడ్చి
ఇంకెవరి బస్తాలకో ఎత్తేది.

కుర్చీ జరిపిన.
"ఇది తప్పు కాదా?"
నిఖత్ శానాసేపు చూసింది.
కరెంటు పోయింది, యూపీఎస్ కీచుమన్నది,
కింద ఫ్లెక్సీ మిషను ఎవరి మొఖం మధ్యల్నో ఆగిపోయింది.
"బగ్ కాదు," అన్నది,
"వాళ్లు అడిగిందే గట్ల."
ఖాళీ చాయ్ గ్లాసు ఎత్తి తాగబోయింది మళ్ల.

రెండు ఏటవాలు గీతలు పెడితె
ఆ వరుసను మిషను చదవదు.
మనుషులే చదువుతరు, చదివితె.
పెట్టి, తెలుగులనే రాసిన:
"ఈడ బస్తాకు కిలో దాక పోతది. ఎవరిదో కనుక్కోండ్రి."
ముట్టుకోవద్దన్నాయన మతికొచ్చిండు,
ఎందుకో చెప్పకుంట పోవద్దనిపించింది.

తెల్లారి చూస్తె నిఖత్ ఒప్పుకున్నట్టు పచ్చ గుర్తు.
నా వరుస కొట్టెయ్యలే.
కింద ఇంకో రెండు గీతలు పెట్టి
తెలుగు బళ్లె చదవని పిల్ల రాత:
"అడిగిన. జవాబు రాలె."

ఐతారం పోయి సోమవారం
పాత అలవాటుకు మార్కెట్‌కు పోయిన.
కాంటా మీద నలభై రెండు కిలోల ఏడు వందలు.
ప్రింటరు నాలిక బయటవెట్టింది.
గుగులోతు బిచ్చానాయక్,
ఒక్క అక్షరం తెగలే.
ఆయన బిల్లును వెలుతురుకు పట్టి
తన పేరు మీద వేలు నడిపిచ్చుకుంట చదువుకున్నడు.

పేరు కింద
నలభై ఒకటి.